నాలుగు రోజుల నాలుక

“ఊళ్లు చూడ్డానికి బాగున్నాయి గానీ, తినడానికే ఏమీ లేదమ్మా!”

విదేశాలు తిరిగొచ్చిన మనవాళ్ల నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఏమీ లేకపోవడమేమిటండీ? కోటిమందికి పైగా జనం కాపురాలు చేసుకుంటున్న దేశంలో, పొద్దున్నే పిల్లల్ని తయారుచేసి బడికి తోలే తల్లులున్న చోట, తినడానికి ఏమీ లేదా? మరి వాళ్లంతా గాలి భోంచేసి ఆరడుగుల మనుషులయ్యారా?

మొన్న జమ్మలమడుగులో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. అక్కడ మా దూరపు బంధువులావిడ చుట్టూ పదిమంది ఆడవాళ్లు చేరి నోళ్లు తెరుచుకుని వింటున్నారు. ఆవిడా, వాళ్లాయనా తొమ్మిది రోజుల్లో నాలుగు దేశాలు చుట్టబెట్టే టూరులో వెళ్లి, చెక్ దేశపు రాజధాని ప్రాగ్ చూసొచ్చారు. నదీ, వంతెనా, కోటా, పాత గడియారమూ రెండు ముక్కల్లో అయిపోయాయి. ఆ తర్వాత కథ తిండి దగ్గరికొచ్చింది. “ఏం తిండి వదినా అది! ఉడకేసిన ఆలుగడ్డ, ఉడకేసిన పిండిముద్ద. ఉప్పు లేదు, కారం లేదు. మనం ఎనుములకు గూడా అట్ట పెట్టం. ఊరగాయ సీసా ఎత్తుకోని పోయింటిమి కాబట్టి బతికి వస్తిమి” అంది. అందరూ అయ్యో పాపమన్నారు.

“ప్రాగ్‌లో ఎన్నాళ్లుంటిరి?” అని అడిగాను.

“ఒక రాత్రి, ఒకటిన్నర పగలు.”

“ఆ పిండిముద్ద ఎవరింట్లో తింటిరి?”

“ఇండ్లకెవరు పిలుస్తారు వదినా! టూరు వాళ్లు మన వంటవాణ్ణి వెంట తెచ్చింటారు. పూటపూటకూ అన్నం, పప్పు, పనీరు కూర. ఆ ముద్ద పక్క బల్ల మీద ఎవరో తింటా ఉంటే చూస్తిమి.”

విన్నారా? చూసి రుచి చెప్పేసింది! కన్నుతో చూసి ఉప్పు తక్కువని తేల్చగలిగిన వాళ్లను నేను అంతవరకు పెళ్లిచూపుల్లో మగపిల్లవాడి మేనత్తల్లోనే చూశాను.

పోనీ ఆవిడొక్కతే అయితే ఊరుకుందును. అచ్చయ్యే యాత్రావ్యాసాలు కూడా చాలామటుకు ఇదే బాణీ. హోటలు బల్ల ముందు కూర్చుని, వచ్చిన పళ్లెంలోది రెండు స్పూన్లు కెలికి, “ఈ జాతి ఆహారం చప్పగా, బరువుగా ఉండును” అని రాసి పారేస్తారు. ఆ పళ్లెం ఎక్కణ్ణించి వచ్చింది, పొయ్యి దగ్గర ఎవరు నిలబడ్డారు, ఆ మనిషి తన ఇంట్లో అదే వండుకుంటుందా, ఇవేవీ వాళ్లకు పట్టవు. వంటింటి గడప దాటని వాడు ఒక దేశం తిండి గురించి రాయడమంటే, పెళ్లిపందిరి బయట నిలబడి కాపురం గురించి రాయడమే.

నేనేమీ పెద్ద యాత్రికురాల్ని కాను. మా అక్క కూతురు బ్రనో అనే ఊళ్లో కంప్యూటరు ఉద్యోగం చేస్తోంది. చెక్ దేశంలో ప్రాగ్ తర్వాత పెద్ద ఊరు అది. పిల్లకు పురిటి తర్వాత సాయంగా ఉండమని అక్క బతిమాలితే, మావారిని ఆయన వంటకు ఆయన్ని వదిలేసి ఆరు వారాలు ఉండొచ్చాను. నేను చూసింది కోటలూ కొండలూ తక్కువ. కూరగాయల దుకాణమూ, పాలడబ్బాలూ, మెట్ల మీద పలకరింపులూ ఎక్కువ. అంచేత ఈ విషయంలో నోరెత్తే హక్కు నాకుందనుకుంటున్నాను.

అసలు చెక్ వాళ్లు మనకంత కొత్తవాళ్లా? చిన్నప్పుడు జూన్ నెలలో బడి తెరిచే ముందు నల్లబూట్లు కొనిచ్చేవారే బాటా దుకాణంలో, ఆ బాటా కలకత్తా కంపెనీ అని సగంమంది ఇప్పటికీ అనుకుంటారు. చెక్ దేశంలోని జ్లీన్ అనే ఊళ్లో 1894లో తొమాష్ బాత్యా అనే ఆయన తన అన్నతో, అక్క ఆనాతో కలిసి పెట్టిన చెప్పుల పని అది. (అక్క కూడా ఉందన్న సంగతి చెప్పేవాళ్లు తక్కువ. మన దగ్గరా అంతే కదా!) 1960లలో మైసూరులో తయారై, మన చిన్నాన్నలు పెట్రోలు వాసనతో ఊళ్లోకి దడదడమని తెచ్చిన జావా మోటారు సైకిలు చెక్ వాళ్లదే. హెచ్‌ఎంటీ ట్రాక్టరు మొదట తయారైంది జెటోర్ కంపెనీ సహకారంతో, ఆ జెటోర్ ఊరు ఈ బ్రనోనే. హైదరాబాదు పక్క రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కర్మాగారం నిలబడింది అప్పటి చెకోస్లొవేకియా సాయంతో. ఇక మన ముత్తవ్వల చేతుల సంగతి వినండి. యాబ్లొనెత్స్ అనే ఊరి నుంచి గాజులూ, పూసలూ ఓడలకెత్తుకుని మన దేశానికి వచ్చేవి. ఏ కాలంలోనో మైలవరం సంతలో మా ముత్తవ్వ బేరమాడి తొడిగించుకున్న గాజుల జోడు ఆ ఊరి కొలిమిలోంచి వచ్చిందేమో, ఎవరు చెప్పొచ్చారు! చేతికీ కాలికీ పనికొచ్చిన దేశం నోటికి మాత్రం పనికిరాకుండా పోయిందన్నమాట.

మైలవరమంటే కృష్ణ పక్కన ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది కాదు. మాది కడప జిల్లా మైలవరం. జమ్మలమడుగు పక్కన, పెన్న మీద డ్యాము ఉన్నది. ఆ ఊరి సంగతి మళ్లీ వస్తుంది. ముందు ఆ పిండిముద్ద సంగతి తేల్చాలి.

దాని పేరు క్నెడ్లిక్. ఒకటైతే క్నెడ్లిక్, నాలుగైతే క్నెడ్లికీ. గోధుమపిండిలో పాలు, గుడ్డు, కాస్త ఈస్టు వేసి, నిలవ రొట్టెముక్కలు కలిపి పిసికి, రోకలిబండ లావున చుట్టి, మరిగే నీళ్లలో వేసి ఉడికిస్తారు. ఉడికాక కత్తితో కోస్తే అణిగిపోయి పిండిపిండి అవుతుందట. అందుకని దారం కింద నుంచి తీసి పైన మెలివేసి లాగుతారు. చక్రంలా ముక్క ఊడొస్తుంది, లోపల దూదిలా గుల్లగా ఉంటుంది. మా పిల్ల ఉండే మేడలో కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంది. నర్సు పని చేసి రిటైరైంది. బాలింత ఇల్లని తెలిసి తనే పైకొచ్చి పలకరించింది. ఆవిడ వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని నేను ఈ తతంగమంతా చూశాను. ఆవిడకు నా భాష రాదు, నాకు ఆవిడది రాదు. మా పిల్ల బిడ్డనెత్తుకుని అటూ ఇటూ మాటలు మోసింది.

ఆ దారం లాగడం చూసేసరికి నాకు జేజి గుర్తొచ్చింది. సంగటి చేసేటప్పుడు జేజి చెయ్యి నీళ్లలో ముంచి, పొగలు కక్కే ముద్దను పళ్లెంలో గిరగిరా తిప్పి గుండ్రంగా చేసేది, వేలికి అంటకుండా. ఎసట్లో నూకలు ఉడికాక రాగిపిండి గుట్టగా పోసి, కట్టెతో మధ్యలో గుంత పెట్టి, మూత వేసి మగ్గనిచ్చి, ఆ పైన కాళ్ల మధ్య కుండ బిగించుకుని కెలికే పని చేసిన వాళ్లకే తెలుస్తుంది భుజాలు ఎట్లా గుంజుతాయో. ఆ సంగటిలో ఉప్పెంత? కారమెంత? సంగటిని ఒట్టిగా నోట్లో వేసుకుని “చప్పగా ఉంది” అనే వాణ్ణి కడప జిల్లాలో ఏమంటారో ఇక్కడ రాయడానికి వీల్లేదు. సంగటి చప్పగానే ఉండాలి. అది ఊరిబిండి కోసం, గోంగూర కోసం, నాటుకోడి పులుసు కోసం. పులుసులో ముంచితే పీల్చుకోవాలి, నాలుక మీద జారాలి, పొలంలో సాయంత్రం దాకా కడుపులో నిలవాలి.

క్నెడ్లిక్ పనీ అదే. అది పులుసు పీల్చడానికి పుట్టింది. వాళ్లు దాన్ని స్విచ్కోవా అనే గొడ్డుమాంసపు కూరతో తింటారు. అది నేను తినలేదు, కనక దాని రుచి చెప్పను. (చూశారా, తిననిదాన్ని గురించి మాట్లాడకపోవడం అంత కష్టమేమీ కాదు.) నాకోసం ఆవిడ వేరే చేసింది. ఆకుకూరని సన్నగా తరిగి, వెన్నలో వేయించిన పిండితో, మీగడతో, కాస్త వెనిగరు పులుపుతో కాచిన చిక్కటి పులుసు. పక్కన ఉడికిన గుడ్డు, నాలుగు చక్రాల క్నెడ్లిక్. ఆ ఆకు వాసన చూడగానే పట్టేశాను. సబ్బసిగె! మా వైపు, కన్నడం వైపు పప్పులో వేసేది. మీలో కొందరు సోయకూర అంటారు. తీపీ పులుపూ కలిసిన ఆ పులుసు మజ్జిగపులుసుకు వేలువిడిచిన చెల్లెలు.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. వెల్లుల్లి దంచి, ఆలుగడ్డ ముక్కలతో కాచే చారు ఒకటుంది వాళ్లకు. జలుబు చేస్తే తాగుతారు. అందులో ఆవిడ ఒక డబ్బాలోంచి ఎండుటాకు తీసి అరచేతిలో నలిపి వేసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మరువం! మనం కనకాంబరాలతో కలిపి జడలో తురుముకునే మరువం. వాళ్లు దాన్ని చారులో వేస్తారు, తురిమిన ఆలుగడ్డతో పోసే అట్టులో వేస్తారు. మా పిల్ల ఆవిడకు ఈ మాట చెబితే, ఆవిడ పడీపడీ నవ్వి, ఆ ఎండుటాకు కాస్త తీసి నెరిసిన జుట్టులో చల్లుకుంది. రొట్టెల్లో, కోసుతో పెట్టిన పులుపు ఊరగాయలో జీలకర్రలాంటి గింజలు వేస్తారు. సీమ జీలకర్ర అంటామే, అది. అన్నట్టు ‘సీమ’ అంటే మనవాళ్లకు ఒకప్పుడు పరాయిదేశం. సీమచింత, సీమపెంకు. ఇప్పుడు రాయలసీమను కూడా ఆ అర్థంలోనే వాడుతున్నారనుకుంటాను కొందరు.

వెల్లుల్లి, వెనిగరు, మరువం, సబ్బసిగె, జీలకర్ర, ఆవపిండి, మిరియం. ఇదండీ ‘ఉప్పూకారం లేని’ వంట! కారం మాటకొస్తే, మన మిరపకాయ మాత్రం మనదా? పోర్చుగీసు వాళ్ల ఓడల్లో పదహారో శతాబ్దంలో దిగిన అతిథి. అంతకుముందు మన తాతమ్మల కారమంటే మిరియమే. వాళ్ల ఆలుగడ్డా అంతే, అమెరికా నుంచి వచ్చి పద్ధెనిమిదో శతాబ్దంలో గానీ వాళ్ల పొలాల్లో కుదురుకోలేదు. అద్దెకొచ్చిన వాళ్లను చూసుకుని ఇంటివాళ్లు కొట్టుకున్నట్టుంది మన వ్యవహారం.

మరి ఈ చప్పిడి అనే పేరు ఎందుకొచ్చిందంటారా? దానికీ ఒక కథ ఉంది. 1948లో అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. హోటళ్లూ, భోజనశాలలూ సర్కారువయ్యాయి. ఏ కూరలో ఏది ఎన్ని గ్రాములు వెయ్యాలో పుస్తకం అచ్చేసి దేశమంతటా అదే వండించారు. సర్కారు ఆఫీసు క్యాంటీనులో మీరెప్పుడైనా తిన్నారా? నలభై ఏళ్లు దేశం మొత్తం బయట తిన్న తిండి అది. 1989లో ఆ ప్రభుత్వం పోయింది. 1993లో చెక్, స్లొవాక్ రెండు దేశాలయ్యాయి. ఇళ్లలో మాత్రం ఆడవాళ్లు అమ్మమ్మల వంట వండుతూనే ఉన్నారు. వేసవిలో దోసకాయలు ఊరవెయ్యడం, రేగుజాతి పళ్లు మురబ్బా పట్టడం, శరత్కాలంలో బుట్టలు పట్టుకుని కుటుంబం కుటుంబమంతా అడవికెళ్లి పుట్టగొడుగులు ఏరుకొచ్చి, కోసి, దండలు గుచ్చి ఎండబెట్టడం. మన ఎండాకాలపు ఆవకాయ, వడియాల హడావుడి ఎట్లాంటిదో అదీ అట్లాంటిదే. కానీ బయటినుంచి వచ్చినవాడికి కనిపించింది క్యాంటీను. వాడు దాన్నే చెక్ వంట అని రాసుకుపోయాడు. ఆ తర్వాత వచ్చిన వాళ్లు, ముందు వాళ్లు రాసింది చదువుకుని వచ్చి, అదే కనిపించిందని సంతోషించారు.

ఇప్పుడు ప్రాగ్ వీధుల్లో ఇంకో తమాషా. కర్రకు పిండి చుట్టి, నిప్పుల మీద కాల్చి, చక్కెర పొర్లించి ‘ప్రాచీన చెక్ మిఠాయి’ అని బోర్డు పెట్టి అమ్ముతారు. ట్రడెల్నీక్ దాని పేరు. మన టూరిస్టులందరి ఫోటోల్లోనూ ఉంటుంది. అది స్లొవేకియా, హంగరీ వైపు వంటకం, ప్రాగ్‌లో టూరిస్టుల కోసం ఈ మధ్య పుట్టగొడుగుల్లా వెలిసింది. “మీరు తింటారా?” అని పెద్దావిణ్ణి అడిగిస్తే, మా జేజి ‘మంచూరియా’ అన్న మాట విని పెట్టిన ముఖమే పెట్టింది.

ఇంతకూ ఇదంతా నాకెందుకు? చెక్ వాళ్ల పరువు నిలబెట్టమని నాకెవరూ చెప్పలేదు. నా కోపం వెనక వేరే కుండ ఒకటుంది. అది మా ఇంటిదే.

మా చిన్నప్పుడు మైలవరంలో రోజూ వరన్నం తినే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సంగటీ, కొర్రన్నమూ, జొన్నరొట్టే. ఒక రోజు కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు గారు, మా అబ్బతో ఏదో పనుండి, మధ్యాహ్నం పూట ఇంటికొచ్చాడు. అప్పుడే జేజి సంగటి దించింది. వాసన గుమ్మందాకా వస్తోంది. ఆయన వసారాలో కూర్చుని, నవ్వుతూనే, “మీ సీమలో తినడానికి ఈ ముద్ద తప్ప ఏమీ దొరకదటగా? ఎట్లా మింగుతారండీ బాబూ!” అన్నాడు. చెడ్డవాడేం కాదు. సరదాకే అన్నాడు. జేజి మారుమాట్లాడలేదు. సంగటి కుండ తీసి రోటి వెనక పెట్టి, దాని మీద చాట బోర్లించింది. నన్ను పక్కింటికి తరిమి రెండు సోలల బియ్యం చేబదులు తెప్పించింది. వరన్నం వండి పెట్టింది ఆయనకు. ఆ తర్వాత ఇంటికి కొత్తవాళ్లెవరొచ్చినా ఆ కుండ రోటి వెనక్కే పోయేది. నలుగురికీ వండి పెట్టే మనిషి, తన చేతి ముద్దను తానే చాట కింద దాచడం చూశాను నేను. అందుకండీ నాకు మంట.

ఒక్క మాట వంటింట్లోకి దూరితే అంత పని చేస్తుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి ఇంట్లో తెల్లన్నం ఉడికింది, ఆకలి తీరింది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ రాగులూ కొర్రలూ చేలల్లోంచి తగ్గుతూ పోవడానికి బియ్యం చవకొక్కటే కారణం కాదు. సంగటి అంటే నామోషీ అని నేర్పిన నోళ్లు కూడా కారణమే. ఆ నోళ్లే ఇప్పుడు, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నాక, షుగరు డాక్టరు చీటీ రాశాక, ‘రాయలసీమ రుచులు’ బోర్డున్న ఏసీ హోటల్లో అరటాకు మీద అరచేతి మందాన ముద్ద పెట్టించుకుని, ఫోటో తీసుకుని, బిల్లు కట్టి, “అబ్బ, అథెంటిక్!” అంటున్నాయి. మా జేజి ఉండుంటే ఆ బిల్లు చూసి ఆ రోజే పోయేది.

ఇలాంటి చూపు కొత్తదేం కాదు. మైలవరానికి దగ్గర్లోనే ఉన్న గండికోటకు 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు వచ్చాడు. కోటలో మీర్ జుమ్లా ఉన్న రోజులు. ఆయన ఫిరంగుల సంగతి రాశాడు. నవాబు కాలివేళ్ల సందుల్లోనూ, ఎడమచేతి వేళ్ల సందుల్లోనూ ఉత్తరాలు ఇరికించుకుని జవాబులు చెప్పడం కూడా రాశాడు. కళ్లకు కట్టినట్టుంటుంది. ఆయన్ని నేనేమీ అనను, ఆయన అమ్మకానికొచ్చాడు, కొనేవాణ్ణి చూశాడు. కానీ టిక్కెట్టు కొనుక్కుని మనుషుల్ని చూడ్డానికే బయల్దేరిన మనకేమొచ్చింది?

చెక్ వాళ్లు ఈ విషయంలో ఒక మంచి పని చేశారు. చేసింది వాళ్ల ఆడమనిషి, అదీ నాలాగా కథలు రాసుకునే మనిషి. మాగ్దలేనా దొబ్రొమిలా రెట్టిగొవా అని పేరు. అప్పట్లో అక్కడ చదువుకున్న వాళ్లది జర్మను భాష. చెక్ అంటే పనివాళ్ల మాట. ఈవిడా చిన్నప్పుడు జర్మనులోనే పెరిగి, పెద్దయ్యాక పట్టుదలగా చెక్ నేర్చుకుంది. కథలూ, నాటకాలూ రాసింది. 1826లో చెక్ భాషలో ఒక వంటల పుస్తకం వేసింది. ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టుకుని వంటతోబాటు చెక్ చదవడం నేర్పించింది. పప్పుగుత్తితో భాషను నిలబెట్టిన మనిషన్నమాట. ఇన్నేళ్లయినా ఆవిడ పేరు తెలియని ఇల్లు లేదు. మా కింది వాటా పెద్దావిడ దగ్గర ఆ పుస్తకం కొత్త అచ్చు ఒకటుంది, పేజీల మీద వెన్న మరకలతో.

పంచదార బిళ్ల పుట్టిందీ ఆ నేల మీదే. అంతకుముందు చక్కెర పెద్ద శంకు ఆకారపు గడ్డగా వచ్చేది, సుత్తితో పగలగొట్టుకోవాలి. దాచిత్సే అనే ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ మేనేజరు భార్య, పగలగొడుతుంటే వేలికి దెబ్బ తగిలి, ముక్కలుగా చేసి అమ్మలేరా అని మొగుణ్ణి దులిపేసిందట. 1843లో ఆయన బిళ్లలు చేసే యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. పేటెంటు ఎవరి పేరు మీదో మీరు ఊహించుకోవచ్చు.

అలాగని అక్కడివన్నీ నాకు నచ్చేశాయని అనుకోకండి. నచ్చనివి బోలెడు. ఈస్టరు సోమవారం నాడు మగపిల్లలు విల్లో బరికెలు జడలా అల్లి, ఇంటింటికీ వెళ్లి ఆడపిల్లల్ని కాళ్ల మీద కొడతారు. కొడితే ఏడాదంతా ఆరోగ్యంగా, నవనవలాడుతూ ఉంటారట! పైగా దెబ్బలు తిన్న పిల్లే రంగుల గుడ్డు బహుమానమివ్వాలి. సరదాకేనని అన్నారు. ఆడవాళ్ల ఒంటి మీద చేసే సరదాలకు ఏ దేశంలోనూ కొదవలేదు. మొగుడు నొవాక్ అయితే పెళ్లాం నొవాకొవా కావాలి. నొవాక్ గారి తాలూకు అన్నట్టు. 2022లో చట్టం మారాక గానీ ఆ తోక అక్కర్లేదనుకునే హక్కు అందరు ఆడవాళ్లకూ రాలేదు. ట్రాము ఎక్కితే శవం లేచిన ఇంట్లోలా నిశ్శబ్దం. నేనూ మా పిల్లా మాట్లాడుకుంటుంటే బండంతా మావైపే చూసేది. ఇక బీరు సంగతి ఎత్తను. మనిషికింతని లెక్కేస్తే ప్రపంచంలో ఏటేటా వాళ్లదే ముందువరస, మన ఊరి బెల్టుషాపు వాళ్లు విని అసూయపడాలి.

కానీ తిట్టాలన్నా తెలిసి తిట్టాలి కదండీ. ట్రాములో నోరు విప్పని మనుషులే దుకాణంలో అడుగుపెడుతూ ‘దొబ్రీ దెన్’ అని, వెళుతూ ‘నస్హ్లెదనో’ అని చెప్పి గానీ కదలరు. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్న ముక్కూముఖం తెలియని వాళ్లకు కూడా. గుమ్మంలో చెప్పులు విడవందే ఇంట్లోకి రారు, వచ్చినవాళ్లకు ఇంటి చెప్పులిస్తారు. తెల్లవాళ్లంతా బూట్లతో మంచమెక్కుతారని మనకెవరు చెప్పారో! చూడ్డానికొచ్చే వాళ్లు పూలు తెస్తే బేసి సంఖ్యలో తేవాలి. సరిసంఖ్య చావుకు. నూటపదహార్లు చదివించే మనకు ఇదేం వింత? ఈ నాలుగు సంగతులూ తెలుసుకోవడానికి ఒకటిన్నర పగలు చాలదు.

న్యాయంగా ఇంకో ముక్క కూడా చెప్పాలి. పెద్దావిడ నాతో చనువు కుదిరాక అంది: “మీ తిండి నేను ఒకసారి హోటల్లో తిన్నాను. అన్ని కూరలూ ఒకే నారింజ రంగు, ఒకే రుచి. పక్కన రబ్బరులాంటి రొట్టె. రోజూ అదెలా తింటారు?” చూశారా, మన చుట్టం ప్రాగ్ తిండి గురించి అన్న మాటే ఈవిడ మన గురించి అంటోంది! పనీరు బటర్ మసాలా, నానూ తిని భారతదేశాన్ని తేల్చేసింది. కడప జిల్లా మనిషిని పట్టుకుని నాను తింటావా అంటే ఎలా ఉంటుంది? ఆ ఆదివారం పిలిచాను. ప్రొద్దుటూరు నుంచి తీసుకెళ్లిన రాగిపిండితో సంగటి, ఊరిబిండి, పప్పు చేశాను. ఆవిడ ముద్దను అటూ ఇటూ చూసి, చేతిసంచిలోంచి దారపు ఉండ తీసి, సంగటి కిందికి పోనిచ్చి, పైన మెలివేసి లాగింది! మా పిల్లా నేనూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం. ఊరిబిండి నాలుకకు తగిలాక ఆవిడక్కూడా నీళ్లొచ్చాయి, అవి నవ్వువి కావు. అయినా ముద్ద వదల్లేదు. “దీన్ని నేను ఎరుగుదును. రంగు వేరు, అంతే” అంది.

చేపల సంగతి చెప్పి ఆపేస్తాను. క్రిస్మసుకు వాళ్లకు బంగారుతీగ జాతి చేప ఉండి తీరాలి. పండగ ముందు వీధుల్లో తొట్లలో బతికున్నవి అమ్ముతారు. కొందరు కొని తెచ్చి స్నానాల తొట్టిలో రెండు రోజులు ఈదనిస్తారు. పిల్లలు దానికి పేరు పెట్టుకుని, ఆపైన వండొద్దని ఏడుస్తారు. దీన్ని చూసి “అనాగరికం” అని రాసిన వాళ్లున్నారు. ఆ చేపలు ఎక్కణ్ణించి వస్తాయో ఎవరూ అడగరు. ట్రెబోన్ వైపు చెరువుల నుంచి. అన్నిట్లోకీ పెద్దదైన రోజ్‌మ్‌బెర్క్ చెరువు 1590లో పూర్తయింది. ఏటా శరత్కాలంలో ఆ వైపు చెరువుల నీళ్లు వదిలి వలలు వేస్తారు. చెరువులు కట్టడం మనకు కొత్త కాదని నేను పెద్దావిడతో గొప్పలు పోయాను. మా కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు 1369 నాటిదని, రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లు పట్టిందని రాతి మీద చెక్కించారని చెప్పాను. ఆవిడ వేళ్లు లెక్కపెట్టుకుని, రెండు వందల ఏళ్లు మీరే ముందని ఒప్పుకుంది. తర్వాత, “మీ మైలవరం డ్యాములో చేపకు పొలుసు ఉంటుందా? పొలుసు పర్సులో పెట్టుకుంటారా?” అని అడిగింది. వాళ్లకు అదొక నమ్మకం. పండగ చేప పొలుసు పర్సులో ఉంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదు.

మా మైలవరంలో పొలుసులు పిల్లులకు వేస్తామని చెప్పించాను. అయ్యో అని, తన పర్సులోంచి ఎండి గాజుపెంకులా మెరుస్తున్న పొలుసు ఒకటి తీసి, కాగితంలో మడిచి నా చేతిలో పెట్టింది. ఇప్పటికీ నా పర్సులోనే ఉంది. మావారు దాన్ని చూసి, “ఇంతవరకు ఏమైనా రాలిందా?” అని వేళాకోళమాడుతున్నారు. ఈ వ్యాసం పారితోషికం వచ్చాక చూపిస్తానన్నాను.